గడ్డ తవ్వకండి: సియెర్రా అడవి ఉల్లి తరఫున

అమెరికా పశ్చిమాన ఉన్న సియెర్రా నెవాడా కొండదారుల్లో నడిచేవాళ్ల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంటుంది. "ఆకు నలిపి చూడు. ఉల్లి వాసన వచ్చిందా, ఉల్లే. తవ్వుకుని తినెయ్." ఇందులో మొదటి సగంతో నాకు పెద్ద పేచీ లేదు, కొన్ని జాగ్రత్తలు చెప్పాలి అంతే. అసలు పేచీ రెండో సగంతో. వాసన ఒకే ఒక్క సంగతి తేలుస్తుంది: ఇది ఉల్లి జాతిదా కాదా. ఏ ఉల్లి, అక్కడ ఎన్ని ఉన్నాయి, తవ్విన చోట మళ్లీ మొలుస్తుందా, తవ్వే హక్కు మనకుందా అన్నవి వాసనతో తేలేవి కావు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సెలవుల్లో ఆ కొండలెక్కడానికి వెళ్లేవాళ్లు అడవి ఉల్లి గడ్డ జోలికి పోకూడదు. "పదింట ఒకటి తీసుకుంటే ఏం కాదులే" అన్న సర్దుబాటు కూడా వద్దంటాను. దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. వాటిలో ఒకటి చాలా గట్టిది, దాని దగ్గర కాసేపు ఆగాల్సిందే.

పూత మీద ఉన్నప్పుడు గడ్డలో ఏముంటుంది

నేను ముఖ్యంగా మాట్లాడుతున్నది ఆలియం కాంపాన్యులేటం గురించి. సియెర్రా ఉల్లి అని పిలిచేది దీన్నే. కాలిఫోర్నియా, ఒరెగన్, నెవాడా కొండల్లో దాదాపు 600 నుంచి 2600 మీటర్ల ఎత్తు వరకూ కనిపిస్తుంది. సూదుల్లాంటి ఆకులుండే పాండెరోసా, జెఫ్రీ పైన్‌ల కింద, ఇంకా పైకి వెళ్తే రెడ్ ఫర్‌ల కింద, నీళ్లు నిలవని పొడి నేల దీనికి ఇష్టం. కాడ 10 నుంచి 30 సెంటీమీటర్లు. ఆకులు రెండు, మహా అయితే మూడు. ఎత్తుని బట్టి మే నుంచి ఆగస్టు మధ్యలో పూస్తుంది.

పువ్వుని మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. గులాబీ నుంచి ఊదా దాకా రంగు, ఆరు రేకులు, నక్షత్రంలా విచ్చుకుని అరంగుళం కూడా ఉండదు. ప్రతి రేకు అడుగున ముదురు ఊదారంగులో నెలవంక లాంటి మచ్చ. మధ్యలో అండాశయం నెత్తిన ఆరు చిన్న శిఖలు. ఇలాంటి పూలు పది నుంచి యాభై దాకా, గొడుగు ఊచల్లా ఒకే చోటునుంచి బయల్దేరి గుత్తి కడతాయి. గుత్తి అడుగున కాగితంలా ఎండిన తొడుగు ముక్కలు. ఈ ఆనవాళ్లు గుర్తు పెట్టుకోండి, విషపు మొక్క దగ్గరికి వచ్చినప్పుడు అక్కరకొస్తాయి.

ఇప్పుడు నేల కింద సంగతి. ఆకులు పువ్వు విచ్చే వేళకే కొసల నుంచి ఎండిపోతూ ఉంటాయి. వాటితో పాటే ఆ ఏడాది కాడనీ పూతనీ పోషించిన పాత గడ్డ కరిగిపోతుంది. పై పొరా, ఇంకా పనిచేస్తున్న వేళ్లూ మాత్రం మిగులుతాయి. దాని పక్కనుంచి సన్నటి కాడ ఒకటి నేలలో పాకుతూ పోతుంది, 10 సెంటీమీటర్ల దాకా. దాని చివర వచ్చే ఏటి గడ్డ తయారవుతుంది. అంటే పువ్వుని చూసి ముచ్చటపడి మీరు తవ్వే రోజున చేతికొచ్చేది పీల్చేసిన పాత గడ్డ, తెగిపోయిన పాకుడు కాడ, సగం ఊరిన పిల్ల గడ్డ. గడ్డ నిండుగా ఉండేది వేసవి చివర్లో. అప్పటికి పైన ఆకూ లేదు, పువ్వూ లేదు, ఎక్కడుందో మీకు తెలియదు. కంటికి కనబడే రోజుల్లో తవ్వితే దండగ, తవ్వాల్సిన రోజుల్లో అది కనబడదు.

తూకం కూడా చూద్దాం. ఈ గడ్డ అడ్డకొలత ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటర్ల గుండ్రటి గడ్డ రెండు గ్రాములు కూడా తూగదు. వంద గ్రాముల మామూలు ఉల్లిపాయకి సరితూగాలంటే యాభై అరవై గడ్డలు తవ్వాలి. గింజ నుంచి పూత దశకి రావడానికి ఒక్కోదానికి మూడు నాలుగేళ్లు, నేల బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. ఒక పూట సూప్‌కి కొండవాలు మీద ఒక మడి మొత్తం ఖాళీ.

ముక్కు మోసపోయే చోట్లు

ఉల్లి జాతి మొక్కలో వాసన ముందుగా తయారై ఉండదు. కణం లోపల గంధకం ఉన్న పదార్థం ఒక అరలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. నలిపినప్పుడో కోసినప్పుడో రెండూ కలిసి వాసన పుడుతుంది. అందుకే నలపకుండా పైపైన వాసన చూసి "ఉల్లి కాదు" అని తేల్చేయలేం. సగం ఎండిన ఆకు నలిపినా పెద్దగా వాసన రాదు.

ఇంతకంటే ప్రమాదం అటువైపు పొరపాటు. వేళ్లకి ఒకసారి ఉల్లి వాసన అంటుకుంటే ఆ తర్వాత ఏ గడ్డి నలిపినా ఉల్లే అనిపిస్తుంది. కత్తికీ సంచీకీ ఇదే వర్తిస్తుంది. మొదటి ఐదు మొక్కలు జాగ్రత్తగా చూసి ఆరో దాన్నుంచి గుప్పిళ్లతో పీకే మనిషికి ముక్కు ఇక ఏ సాయమూ చేయదు.

పక్కనే డెత్ కామస్ అనే విషపు మొక్క ఉంటుంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. శాస్త్రనామం టాక్సికోస్కార్డియాన్, పాత పుస్తకాల్లో జిగాడినస్ అని ఉంటుంది. ఇందులో ఒక జాతి తేమగా ఉండే పచ్చిక మైదానాల్లో పెరుగుతుంది, మరికొన్ని పొడి వాలుల మీద. గడ్డ మీద ముదురు గోధుమ రంగు పొర, లోపల తెల్లగా, అచ్చం ఉల్లిలాగే. ఆకులు గడ్డిలా సన్నగా, మధ్యలో మడత పడి. జైగాసిన్ అనే ఆల్కలాయిడ్ మొక్క అన్ని భాగాల్లోనూ ఉంటుంది. ఉడికించినంత మాత్రాన విషం పోదు. తిన్న కొన్ని గంటల్లో నోట్లో నీళ్లూరడం, వాంతులు, తర్వాత గుండె వేగం తగ్గిపోవడం, రక్తపోటు పడిపోవడం. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇచ్చి గుండె వేగాన్ని నిలబెడతారు. అనుమానం వచ్చిన మరుక్షణం అమెరికా విష సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222కి ఫోన్ చేయాలి. లక్షణాలు కనిపించాక చూద్దాంలే అనుకోకూడదు.

పూత మీద ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డెత్ కామస్ పూలు ఒకే చోటునుంచి రావు, కాడ పొడుగునా ఒకదాని మీద ఒకటి అమరి ఉంటాయి. రంగు మీగడ తెలుపు, రేకు అడుగున పసుపు పచ్చటి గ్రంథి. పూత రాకముందు రెండు మొక్కల ఆకులూ ఒకే దుబ్బులో కలిసిపోయి ఉన్నప్పుడే ముప్పు. కాబట్టి పద్ధతి ఇది: ఒక్కో ఆకుని విడిగా పట్టుకోవాలి, అది ఏ మొక్క మొదలు నుంచి వచ్చిందో నేల దాకా వేలితో వెంట వెళ్లి చూడాలి, కొసలో చిన్న ముక్క నలిపి వాసన చూడాలి, తర్వాతి మొక్కకి వెళ్లేముందు చేతులు కడుక్కోవాలి. గుప్పెడు ఒకేసారి కోయడం అస్సలు పనికిరాదు. ఇంకా ఒక మాట. బ్రోడియా, ట్రైటీలియా లాంటి మొక్కల పూలు కూడా గొడుగు గుత్తిలోనే వస్తాయి, వాసన మాత్రం ఉండదు. పూగుత్తి ఆకారం ఒక్కటే చూసి ఉల్లి అనుకోకూడదు. ఆకారం, వాసన రెండూ కలవాలి.

తవ్వితే గానీ పేరు తెలియని మొక్కలు

వాసన సరిగ్గానే చూశారు, ఉల్లి జాతే అని తేలింది అనుకుందాం. అప్పుడు కూడా ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

కాలిఫోర్నియాలో స్థానిక ఉల్లి జాతులు దాదాపు యాభై. చాలావాటికి ఒక కొండో, ఒక రకం రాయో తప్ప ఇంకో ఇల్లు లేదు. సియెర్రా ఉల్లి ఎక్కువగానే దొరుకుతుంది. కానీ అదే పర్వతశ్రేణిలో యోసెమిటీ ఉల్లి ఉంది, రూపాంతర శిలల రాళ్లగుట్టల్లో మాత్రమే పెరుగుతుంది. త్రిబ్రాక్టియాటం అనే పొట్టి ఉల్లి ఉంది, కలవెరాస్, ట్యువాలమీ కౌంటీల్లో పాత అగ్నిపర్వత బురద గట్టిపడిన గులకరాళ్ల వాలుల మీద ఉంటుంది. సర్పెంటైన్ అనే పచ్చటి రాతి నేలని వదలని ట్యువాలమ్నెన్సే, ఆ నేలలోనో అగ్నిపర్వత నేలలోనో పెరిగే జెప్సనీ ఉన్నాయి. ఇవన్నీ అరుదైనవే. నలిపితే అన్నిటికీ ఉల్లి వాసనే.

వీటిని కచ్చితంగా విడదీయాలంటే వృక్షశాస్త్రజ్ఞులు చూసేది గడ్డ పై పొర మీది గీతల అల్లిక. అది లెన్స్ పెట్టుకుంటేనే కనిపిస్తుంది, గడ్డ బయటికి తీస్తేనే దొరుకుతుంది. అంటే మీరు తవ్వినది మామూలుదో అరుదైనదో తెలుసుకోవడానికి ముందు దాన్ని తవ్వి తీరాలి. పేరు తెలిశాక తిరిగి పాతిపెడితే బతుకుతుందన్న భరోసా లేదు, పాకుడు కాడ అప్పటికే తెగి ఉంటుంది. గడ్డ వద్దు అనడానికి నాకు ఈ ఒక్క కారణమే చాలు.

పదింట ఒకటి లెక్క

"ప్రతి పది మొక్కల్లో ఒకటి తీసుకో, తొమ్మిది వదిలెయ్" అనేది సేకరించేవాళ్లలో చాలామంది పాటించే నియమం. మంచి మనసుతో పెట్టుకున్నదే. లోపం లెక్కలో ఉంది: మీ వెనక వచ్చేవాళ్లు మిగిలిన తొమ్మిదినే కొత్త పది అనుకుంటారు. ఇరవై మంది నిజాయితీగా ఈ నియమం పాటించినా చివరికి మిగిలేది పదింట ఒకటి దగ్గరికి వస్తుంది.

తూర్పు అమెరికా అడవుల్లో పెరిగే ర్యాంప్స్ అనే వెడల్పాకు ఉల్లి విషయంలో ఇది పరీక్షించి చూశారు. దక్షిణ అపలాచియన్ కొండల్లో మడులని వేర్వేరు మోతాదుల్లో తవ్వి, అవి ఎన్నేళ్లకి కోలుకుంటాయో గమనించారు. పదేళ్లకి ఒకసారి, అదీ పది శాతం మించకుండా తవ్వితేనే నిలుస్తాయని తేలింది. పదేళ్లకి ఒకసారి! ఆ నియమం చెప్పేవాళ్ల నోట ఈ ముక్క ఎప్పుడూ వినపడదు. కెనడాలోని క్యుబెక్‌లో 1995 నుంచి ఆ మొక్క అమ్మకం నిషేధం, సొంతానికైతే ఒక మనిషి ఏడాదికి యాభై గడ్డలు మించకూడదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం 2004లో తవ్వకాన్ని పూర్తిగా ఆపేసింది. ర్యాంప్స్ ఆకురాల్చే అడవుల తేమ నేలలో, బాగా ముదిరిన ఆకుమట్టిలో పెరిగే మొక్క. సియెర్రా ఉల్లికి దొరికేది పొడి ఇసుక నేల, కొద్ది వారాల తడి. రెండిటికీ ఒకే అంకె సరిపోతుందని నేననను, కానీ సియెర్రా ఉల్లి అంతకంటే వేగంగా కోలుకుంటుందని నమ్మడానికి నాకేమీ కనిపించలేదు.

వేల ఏళ్లు తవ్వినవాళ్ల మాటేమిటి

గట్టి ఎదురు వాదన అన్నది ఇదే. సియెర్రా మివోక్, మోనో, పైయూట్, వాషో ఆదివాసీ ప్రజలు ఈ కొండల్లో తరతరాలుగా గడ్డలు తవ్వుకుని తిన్నారు. మౌంటెన్ మహాగని లాంటి గట్టి కర్రని చెక్కి, కొసని నిప్పులో కాల్చి రాటుదేల్చిన తవ్వుకోలతో తవ్వేవారు. కాల్చిన రాళ్లు పరిచిన గుంటలో, పైన ఆకులూ మట్టీ కప్పి, రాత్రంతా మగ్గబెట్టేవారు. గడ్డలోని ఫ్రక్టాన్లు (గొలుసుల్లా కలిసి ఉండే చక్కెరలు) నెమ్మదిగా విడిపోయి తీపి తేలుతుంది. అంతకాలం తవ్వినా మడులు పోలేదు. తవ్వడమే నాశనమైతే ఎప్పుడో నామరూపాల్లేకుండా పోవాలి కదా?

ఈ ప్రశ్నని దాటేసి "ప్రకృతిని ముట్టుకోవద్దు" అనేవాళ్లతో నేను ఏకీభవించను. అడవి ఉల్లికి దెబ్బ తగిలింది తవ్వుకోలల వల్ల కాదు. ఆ ప్రజలు పెద్ద గడ్డలు తీసుకుని పిల్ల గడ్డలని అదే గుంటలో తిరిగి పాతేవారు. గింజ రాలేదాకా ఆగేవారు. తవ్వడంతో నేల గుల్లబారి రాలిన గింజకి చోటు దొరికేది. అన్నిటికీ మించి, అడవి అడుగున తక్కువ మంటలు పెట్టేవారు. పాత రోజుల్లో సియెర్రా పైన్ అడవుల్లో పది ఇరవై ఏళ్లకోసారి నేలబారు మంట వెళ్లేది. రాలిన సూదులు కాలి, పిల్లచెట్లు పలచబడి, నేల మీదికి వెలుగు దిగేది. ఉల్లి గడ్డ మట్టి కింద క్షేమంగా ఉండేది.

1850లో కాలిఫోర్నియా చేసిన చట్టం ఆదివాసులు గడ్డి మైదానాలకి నిప్పు పెట్టడాన్ని శిక్షార్హం చేసింది. 1935లో అటవీశాఖ, ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి తేవాలని నియమం పెట్టుకుంది. ఫలితం ఇప్పుడు చూస్తున్నాం: ఒత్తుగా పిల్ల ఫర్ చెట్లు, వాటి కింద బెత్తెడు మందాన సూదుల మేట, దాని కింద వెలుగు చాలని గడ్డలు.

అయితే ఈ వాదన నుంచి "కాబట్టి మనమూ తవ్వొచ్చు" అన్న ముగింపు రాదు. వాళ్లు తవ్వింది తమ మడిని. ఏటా అక్కడికే వచ్చేవారు, కిందటేడు ఎంత తీశారో వాళ్లకి తెలుసు, తగ్గితే ఆపేవారు. జూలైలో ఒక వారాంతం వచ్చిపోయే మనిషికి ఆ మడితో అలాంటి సంబంధం లేదు, పిల్ల గడ్డ ఏదో పాత గడ్డ ఏదో కూడా తెలియదు. తవ్వే పని తిరిగి నాటే పనితో కలిసి ఉన్నంతకాలం అది సాగు. నాటడం వదిలేసి తవ్వడం ఒక్కటే తీసుకుంటే అది వాళ్ల సంప్రదాయం కాదు. అందుకే, గుర్తింపు పొందిన ఆదివాసీ తెగలతో ఒప్పందం చేసుకుని సంప్రదాయ సేకరణకి వీలు కల్పిస్తూ జాతీయ ఉద్యానవనాల శాఖ 2016లో తెచ్చిన నియమం నాకు సబబుగా అనిపిస్తుంది. మిగతా అందరికీ నిషేధం ఉండగా వాళ్లకెందుకు అనే ప్రశ్నకి పై పేరాలే జవాబు.

మిగతావాళ్లకి చట్టం ఇలా ఉంది. యోసెమిటీ, సెకోయా, లాసెన్ లాంటి జాతీయ ఉద్యానవనాల్లో మొక్క తవ్వకూడదు, తెంపకూడదు. అనుమతించిన చోట్ల పండ్లు, గింజకాయలు కాస్త చేత్తో కోసుకోవచ్చు, అంతే. జాతీయ అటవీ భూముల్లో ఒక్కో అడవికి ఒక్కో పద్ధతి, రేంజర్ ఆఫీసులో అడిగాకే చెయ్యి వేయాలి. ఇతరుల భూమిలోనో ప్రభుత్వ భూమిలోనో రాతపూర్వక అనుమతి లేకుండా మొక్కలు కోయడం కాలిఫోర్నియా శిక్షాస్మృతి 384ఏ కింద నేరం.

మరి ఆకు కోసుకోవచ్చా

"గడ్డ వదిలేసి ఆకు తిను" అనేది మామూలుగా ఇచ్చే సలహా. సియెర్రా ఉల్లికి అది కూడా సరిపోదు. ఉన్నవే రెండాకులు. ఒకటి కోస్తే ఆ ఏడాది తిండిలో సగం పోయినట్టే, పిల్ల గడ్డ ఆ మేరకు చిక్కిపోతుంది. పైగా పువ్వుతో గుర్తుపట్టే వేళకి ఆకు ఎండుతూ ఉంటుంది, ఆకు లేతగా ఉన్నప్పుడు గుర్తుపట్టడానికి పువ్వు ఉండదు. దీన్నుంచి రుచి చూడాలంటే గుత్తిలోంచి రెండు మూడు పూలు చాలు. పువ్వుకి మూడు గదులు, గదికి రెండు గింజలు, అంటే మీరు తినే ఒక్కో పువ్వు మహా అయితే ఆరు గింజలకి సమానం. ముప్పై పూల గుత్తికి అది భరించగల నష్టం.

ఆకే కావాలనుకునేవాళ్లకి ఆలియం వ్యాలిడం మేలు. చిత్తడి ఉల్లి అనొచ్చు. 1200 నుంచి 3400 మీటర్ల మధ్య, ఫర్, లాడ్జ్‌పోల్ పైన్ అడవుల నడుమ నీరూరే పచ్చికల్లో గుంపులుగా పెరుగుతుంది. కాడ అరమీటరు దాటుతుంది, కొన్నిచోట్ల మీటరు. నేలలో లావాటి కొమ్ము మీద గడ్డలు గుత్తిగా ఉంటాయి. ఆకులు మూడు నుంచి ఆరు, వెడల్పుగా, పూత సమయంలో కూడా పచ్చగానే ఉంటాయి. అంటే పువ్వునీ ఆకునీ ఒకేసారి చూసి నిర్ధారించుకోవచ్చు, ఇది పెద్ద సౌలభ్యం. అనుమతి ఉన్నచోట, పూసిన కాడ ఉన్న మొక్క నుంచి ఒక్క ఆకు, నేలకి మూడు సెంటీమీటర్ల పైన కత్తెరతో కోయాలి. లాగితే మెడ విరిగి గడ్డ కుళ్లుతుంది. పచ్చిక అంచున నిలబడి అందినంతే కోయాలి, తడి నేల అడుగుల కింద నలిగితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. డెత్ కామస్ కూడా ఆ పచ్చికల్లోనే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన ఆకు ఆకు పరీక్ష ఇక్కడ ఇంకా ముఖ్యం.

గడ్డే కావాలంటే

సియెర్రా ఉల్లి గింజలు స్థానిక మొక్కల నర్సరీల దగ్గర కొనండి, అడవిలో ఏరడానికీ అనుమతి కావాలి. శరత్కాలంలో విత్తి కుండీని బయటే ఉంచితే చలికాలం తన పని తాను చేస్తుంది. శీతాకాలం వెచ్చగా ఉండే చోట గింజల్ని తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఉంచి విత్తాలి. కుండీ 20 సెంటీమీటర్ల లోతు ఉండాలి, మట్టిలో సగం గరుకు ఇసుకో ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) ముక్కలో కలవాలి. గింజ మీద అరసెంటీమీటరు మట్టి, దాని మీద సన్న గులక.

మొదటి ఏడు దారంలాంటి ఒక్క ఆకు వస్తుంది, గడ్డి అనుకుని పీకేసేవాళ్లే ఎక్కువ. ఆకు పసుపు తిరగగానే నీళ్లు ఆపేయాలి. ఎక్కువ కుండీలు పోయేది ఇక్కడే: ఎండిపోయిందనుకుని వేసవిలో నీళ్లు పోస్తే నిద్రపోతున్న గడ్డ కుళ్లిపోతుంది. శరత్కాలం దాకా పొడిగా, నీడపట్టున ఉంచాలి. రెండో ఏడు కుండీ మార్చొద్దు, గడ్డ అప్పటికి బఠాణీ అంత కూడా ఉండదు. మూడో ఏడో నాలుగో ఏడో పూత వస్తుంది. పూసి ఎండిన తర్వాత వేసవి చివర తవ్వితే గడ్డ నిండుగా ఉంటుంది, పిల్ల గడ్డలు వెంటనే తిరిగి నాటేయొచ్చు.

ఇలా పెంచినవాటిని తీసుకెళ్లి అడవిలో నాటాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. ఉల్లికి వచ్చే తెల్లకుళ్లు శిలీంధ్రం కుండీ మట్టితోనూ గడ్డతోనూ ప్రయాణం చేస్తుంది. దాని గసగసాలంత నల్ల ముద్దలు నేలలో ఇరవై ఏళ్లకి పైగా బతికుంటాయి, ఉల్లి జాతి వేరు దగ్గరికి రాగానే మొలుస్తాయి. చల్లటి నేల దానికి మరీ ఇష్టం. కుండీలోవి కుండీలోనే ఉంచండి, మిగిలిన గడ్డలు తోటలు పెంచేవాళ్లకి ఇవ్వండి. ఆకులు పసుపు తిరిగి, గడ్డ మొదట్లో తెల్లటి దూది లాంటి బూజు కనిపిస్తే ఆ కుండీ మట్టితో సహా మూటకట్టి చెత్తలో వేయాలి, ఎరువు గుంటలో మాత్రం వేయకూడదు.